తొమ్మిది ట్యాంకర్లు

మేడవాక్కంలో మే నెల.
పదహారు వాటాల మా అపార్టుమెంటు కింద
నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు సంపు.
పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు
నిజంగా పన్నెండు వేలే అయితే
నీళ్ళు సరిగ్గా నూరు సెంటీమీటర్లు లేవాలి.
నా పరికల్పన ఇంతే.
సెక్రటరీ కోదండపాణి గారికి ఇంత కూడా అక్కర్లేదు:
"ఏళుమలై దొంగ. రాసుకోమ్మా."

నేను అంబత్తూరులో పిస్టన్ రింగులు కొలిచేదాన్ని.
కొలవకుండా దేన్నీ తిరగ్గొట్టను.

పెయింటరు వదిలేసి పోయిన వెదురు కర్రకి
టైలరు టేపు అంటించి,
మోటారు ఆపించి,
పొయ్యకముందు ఒక గీత, పోశాక ఒక గీత.
మొదటి ట్యాంకరు రాకముందే
పాల లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో
ప్రశ్న రాసిపెట్టుకున్నాను:
తొమ్మిది ట్యాంకర్లు. నూరేనా, కాదా?
"తక్కువా?" అని రాయలేదు.
రాస్తే తీర్పు ముందే రాసినట్టుంటుందని కాబోలు.

నూట మూడు.
తొంభై నాలుగు.
తొంభై అయిదు, మళ్ళీ తొంభై అయిదు.
ఆ రెండు రాత్రులూ మా వాట్సాప్ గ్రూపుకి నిద్ర లేదు.
నూట ఒకటి.
తొంభై తొమ్మిది, మూడుసార్లు,
ఒక్క మార్కులో సెంటమ్ పోగొట్టుకున్న పిల్లాడిలా.
చివరికి తొంభై ఏడు.
నూట మూడు వచ్చిన రోజు
ఎవరూ ఏళుమలైని తిట్టలేదు.
మెచ్చుకోనూ లేదు.

మూడో అంతస్తు పంకజాక్షి గారు మెట్ల మీద ఆపారు:
"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలదటే?"
చాలదండీ.
మెతుకు తన సంగతే చెబుతుంది.
పక్క మెతుక్కీ తనకీ ఎంత తేడానో
దానికేం తెలుసు?
తేడా తెలియాలంటే కనీసం రెండు కావాలి.
తొమ్మిదుంటే, ఒకదాన్ని సగటు కట్టేసుకుంటుంది,
మిగిలిన ఎనిమిదీ తమ ఇష్టానికి తిరుగుతాయి.

సగటు తొంభై ఎనిమిది.
క్రమవిచలనం మూడు.
తొమ్మిదికి వర్గమూలం మూడు.
మూడుని మూడు కొట్టేస్తే ఒకటి.
కర్ర మీద లోటు రెండు సెంటీమీటర్లు,
ఆ లోటుని కొలిచే బద్ద ఒక సెంటీమీటరు.
జవాబు రెండు.
ఇంత శుభ్రమైన లెక్క ఫ్యాక్టరీలో ఎప్పుడూ తగల్లేదు.

పట్టికలో ఎనిమిదో వరస.
కాదా అని అడిగినవాళ్ళు
రెండు పాయింటు మూడు దాటాలి.
తక్కువా అని అడిగినవాళ్ళకి
ఒకటి పాయింటు ఎనిమిది ఆరు చాలు.

అవే నీళ్ళు. అదే కర్ర.
ఒక ప్రశ్నకి దొంగ,
ఇంకో ప్రశ్నకి ఇంకా కాదు.

పెన్ను మూత తీశాను.
చివరి పేజీలో ఒక్క మాట కొట్టేసి
మరో మాట రాస్తే అయిపోతుంది.
పాల లెక్కల పుస్తకం ఎవరు తిరగేస్తారు?

ఫ్యాను గాలికి ఆ పేజీ లేచి, పడి, లేచింది.
కొంచెమే చూశావు కనక
ఇంకొంచెం ఆగు, అంటోంది పట్టిక.
అది ఏళుమలై మీద జాలి కాదు,
నా మీద అనుమానం.

మూత పెట్టేశాను.
"తిరస్కరించడానికి ఆధారం చాలదు" అని గ్రూపులో పెడితే
పదిహేను ప్రశ్నార్థకాలు వచ్చాయి.

పదో ట్యాంకరు రాత్రి పదకొండున్నరకి.
ఏళుమలై గొట్టం బిగించి,
వాల్వు కింద కారుతున్న సన్నటి ధారకి
దోసిలి పట్టి మొహం కడుక్కున్నాడు.
అది నా రెండు సెంటీమీటర్లలో ఎంతో, నాకు తెలీదు.
"లెక్క తేలిందా అక్కా?"
"తప్పని చెప్పలేను."
"అయితే కరెక్టే గదా?"
"అదీ చెప్పలేను."
నన్నోసారి చూశాడు,
కోదండపాణి గారి కిటికీలో వెలుగునోసారి చూశాడు.
"మీరు గవర్నమెంటులో పనిచేస్తారా అక్కా?"

తొమ్మిదని రాసుకున్నాను,
పదోది లెక్కలోకి రాదు.
అయినా కర్ర దించాను.